బ్రేకు ప్యాడ్లు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయి? సాలూరు ఘాటీలో మూడు సెట్లు అరగదీశాక నా లెక్క

మాది సిమిలిగుడ, ఒడిశాలో కోరాపుట్ జిల్లా. తాతల నాడు సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. బొలెరో పికప్ కొని మూడేళ్ళు కావస్తోంది, 1.7 టన్నుల లోడు మోసే బండి, నేనే నడుపుతాను. కుందులి సంత నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ క్యాబేజీ, టమాటా, బీన్స్, అల్లం సీజనైతే అల్లం ఎత్తుకుని పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు ఘాటీ (కొండ దారి) దిగి విజయనగరం మార్కెట్లో దింపుతాను. వచ్చేటప్పుడు ఏ కిరాయి దొరికితే అది. వారానికి రెండు ట్రిప్పులు తప్పవు.

ఇది రాయడానికి కారణం, నా బండి ముందు చక్రాల ప్యాడ్ల మీద ఇంతవరకు మూడు సెట్లు నడిపాను, మూడూ మూడు రకాలుగా అరిగాయి. ప్యాడ్లు ఎంత కాలం వస్తాయని స్టాండులో ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో నంబరు చెబుతారు. ఇరవై వేలంటాడు ఒకడు, మా బావమరిది విజయనగరం టౌన్లో పాల క్యాన్లు వేసే బండికి అరవై వేలు దాటినా మార్చలేదంటాడు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. పికప్‌కి ప్యాడ్ల ఆయుష్షు కిలోమీటర్లలో చెబితే ఎందుకు తేడా వస్తుందో నాకు తెలిసిరావడానికి ఒక సెట్టు, దాంతోపాటు ఒక బండి లోడు క్యాబేజీలో సగం ధర ఖర్చయ్యాయి. మీకు ఆ ఖర్చు తప్పాలని రాస్తున్నాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ దారి తెలియనివాళ్ళకి. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది, సాలూరు 120 మీటర్ల దగ్గర. అంటే 26వ నంబరు జాతీయ రహదారి (మా పెద్దవాళ్ళు ఇంకా 43 అనే అంటారు) మీద మేం ప్రతి ట్రిప్పులో 750 మీటర్లు కిందికి దిగుతాం, అందులో పెద్ద భాగం సుంకి దాటాక వంపుల మీద వంపుల్లో. మూడు టన్నుల బరువు (బండీ, లోడూ కలిపి నాది అంతకన్నా కొంచెం ఎక్కువే) ఆ ఎత్తు దిగితే వచ్చే శక్తి ఆరు యూనిట్ల కరెంటుకు సమానం. ఇంట్లో రెండు కిలోవాట్ల గీజరు మూడు గంటలు ఆపకుండా వేసి ఉంచితే ఎంత వేడి పుడుతుందో అంత. ఆ వేడి ఎక్కడికో పోవాలి కదా, ఇంజన్ కొంత మింగుతుంది, గాలి కొంత, టైర్లు కొంత, మిగిలిందంతా ముందు రెండు డిస్క్ ప్లేట్లూ, వెనక రెండు డ్రమ్ములూ మోయాలి. బండి దిగుతున్నప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు ప్యాడ్ల మీదే ఎక్కువ పడుతుంది.

మైదానంలో ప్యాడ్డు పని వేరు. పట్టి వదిలేస్తాం, మళ్ళీ చల్లారడానికి కిలోమీటర్లకు కిలోమీటర్లు దొరుకుతాయి. ఘాటీలో చల్లారే లోపే ఇంకో వంపు.

మొదటి సెట్టు బండితో వచ్చింది. మొదటి పది నెలలు నేను విజయనగరంలోనే ఉండి ఒక కంపెనీ సరుకు బొబ్బిలి, గజపతినగరం, ఎస్. కోట షాపులకు వేసేవాణ్ణి, అంతా దాదాపు చదును రోడ్డు. 20,000 కిలోమీటర్లకు సర్వీసులో చూపిస్తే ప్యాడ్డు మీద ఇంకా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉంది, కొత్తలో పదకొండు ఉండేది. అంటే ఇరవై వేలకు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ లెక్కన చూస్తే ఇంకో నలభై వేలు ఢోకా లేదు అనుకున్నాను. నాన్నకు ఒంట్లో బాగోక ఇంటికి తిరిగొచ్చి ఘాటీ ట్రిప్పులు మొదలుపెట్టాను, అంతే, ఇంకో 11,000 కిలోమీటర్లకే ప్యాడ్డు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసింది. మొత్తం 31,000. అదే బండి, అదే ప్యాడ్డు, అదే డ్రైవరు. ఇరవై వేలలో రెండున్నర అరిగింది, పదకొండు వేలలో అయిదున్నర అరిగింది. ఆ పదకొండు వేలలో నేను ఘాటీ దిగింది 45 సార్లు (డీజిల్, కిరాయి రాసుకునే పుస్తకం ఉంది కాబట్టి ట్రిప్పులు ఖచ్చితంగా చెప్పగలను). దిగిన ప్రతిసారీ 0.12 మిల్లీమీటర్లు అరిగినట్టు. ఇందులో నా తప్పూ ఉంది, థర్డ్ గేరులో పెట్టి, ప్రతి వంపుకీ బ్రేకు మీద కాలు నొక్కే ఉంచి దిగేవాణ్ణి. మైదానంలో నేర్చుకున్న అలవాటు.

ఇప్పుడు రెండో సెట్టు. దీని గురించే అసలు చెప్పాలి.

వర్షాకాలం మొదలవబోతోంది, చేతిలో డబ్బు లేదు, ఒక స్పేర్ పార్ట్స్ కొట్టులో (ఊరు పేరు, కొట్టు పేరు రాయను) అడిగితే కంపెనీ ప్యాడ్లు 1,900, ఇవి 750, రెండూ ఒకటే, తయారయ్యేది ఒకే చోట అన్నాడు కొట్టువాడు. పెట్టె బాగుంది, రంగులు బాగున్నాయి, కానీ ప్యాడ్డు వెనక ఇనప రేకు మీద బ్యాచ్ నంబరు లేదు, గ్రేడు అక్షరాలు లేవు, తయారీ చిరునామా లేదు. ప్యాడ్డు అంచు చేత్తో తడిమితే సుద్దలా పొడి అంటింది. ఇవన్నీ ఇప్పుడు గుర్తుకొస్తున్నాయి. అప్పుడు 1,150 రూపాయలు మిగిలాయన్న సంతోషం తప్ప ఏమీ లేదు.

మొదటి వారం నుంచే చక్రాల నిండా నల్ల పొడి. ఖాళీ బండికి బ్రేకు బాగానే పడేది, నిజం చెప్పాలంటే మొదటిదానికన్నా గట్టిగా పట్టినట్టు అనిపించేది. లోడుతో ఘాటీ సగం దిగేసరికి మాత్రం పెడల్ రాయిలా గట్టిపడేది, ఎంత తొక్కినా బండి జారుతున్నట్టే ఉండేది. దాన్ని ఫేడ్ అవడం అంటారని తర్వాత తెలిసింది. ప్యాడ్డులో ఉండే జిగురు పదార్థం దాని శక్తికి మించి వేడెక్కితే ఆవిరి వదులుతుంది, ప్యాడ్డుకూ ప్లేటుకూ మధ్య పట్టు పోతుంది. చల్లారితే మళ్ళీ మామూలే. అందుకే కింద సాలూరులో టీ తాగి బండెక్కితే బ్రేకులు బాగానే ఉండేవి, నేను పట్టించుకోకుండా పోయేవాణ్ణి.

పోయిన ఏడాది విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకు ముందు వారం. మార్కెట్లో రేటు బాగుందని 1,900 కిలోల క్యాబేజీ వేశాను, 1,700 బండికి. రెండొందలే కదా అనిపించింది. తెల్లవారుజామున పొట్టంగి దగ్గర మంచు, సుంకి దాటేసరికి తేటపడింది. ముందు ఒక లారీ మెల్లగా దిగుతుంటే వెనకే బ్రేకు పట్టుకుంటూ దిగాను. వాసన వచ్చింది. ఇనుమూ జిగురూ కలిసి కాలినట్టు ముక్కు పుటాలు మండే వాసన. ముందున్న లారీదే అనుకున్నాను. ఇంకో రెండు వంపులయ్యాక పెడల్ గట్టిగా ఉండి పట్టలేదు, మూడో వంపు దగ్గర మెత్తబడి నేలకు దిగింది. గుండె ఆగినంత పనైంది. సెకండ్‌లోకి వేశాను, ఇంజన్ అరిచింది, కొంచెం తగ్గాక ఫస్ట్, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు కాలువలోకి ఎడమ చక్రం దింపి ఆపాను. పక్క లోయవైపు అయి ఉంటే ఈ రివ్యూ రాసేవాణ్ణి కాదు.

ఎడమ ముందు చక్రం నుంచి తెల్లటి పొగ. వెనక వచ్చిన లారీ ఆగింది, క్లీనర్ కుర్రాడు బకెట్టు నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ లారీ డ్రైవరు సాలూరు పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, కిందికి దిగకముందే కేకేశాడు: "ఒరేయ్, నీళ్ళు పొయ్యకు, ప్లేటు వంకరపోద్ది, పగిలినా పగుల్తాది!" తర్వాత నా దగ్గరకొచ్చి, "బాబూ, నువ్వు ముందు కూర్చో. ముప్పావుగంట దాని జోలికెళ్ళకు" అని టైరు కింద రాయి పెట్టించి, నా చేతిలో బీడీ కట్ట పెట్టబోయాడు. అలవాటు లేదన్నాను. ఆయన పేరు అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సాలూరంటే లారీల ఊరని మీకు తెలుసు, ఇంటికో లారీ అన్నట్టుండే ఊరు, బాడీ కట్టేవాళ్ళ దగ్గర్నుంచి పట్టీలు సరిచేసేవాళ్ళ దాకా అన్నీ అక్కడే. పెద్దాయన చెప్పిన షెడ్డుకే ఫస్ట్ గేరులో మెల్లగా తీసుకెళ్ళాను. మేస్త్రి ఎడమ చక్రం విప్పాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. మీరూ ఒక్కసారైనా మీ బండికి పక్కన కూర్చుని చూడండి, బిల్లులో కనపడనివి కనపడతాయి.

లోపలివైపు ప్యాడ్డు మీద మిగిలింది ఒకటిన్నర మిల్లీమీటర్లు. అదే కాలిపర్‌లో (కాలిపర్ అంటే ప్యాడ్లను ప్లేటుకు రెండువైపుల నుంచీ నొక్కే పట్టు) బయటివైపు ప్యాడ్డు అయిదు మిల్లీమీటర్లు ఉంది. లోపలిది మేస్త్రి నా అరచేతిలో పెట్టాడు, అప్పటికీ వెచ్చగానే ఉంది. ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది, గోరుతో గీస్తే గీత పడలేదు. అడ్డంగా వెంట్రుకంత పగుళ్ళు, ఒక మూల పెచ్చు లేచిపోయింది, వెనక ఇనప రేకు నీలం రంగుకు తిరిగింది. కాలిపర్ ముందుకీ వెనక్కీ జరగడానికి రెండు పిన్నులుంటాయి, అందులో కింది పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, వర్షం నీళ్ళు దిగి, తుప్పు పట్టి బిగుసుకుపోయింది, సుత్తితో కొడితే గానీ బయటకు రాలేదు. లోపల గ్రీజు తారులా ఉంది. పిన్ను జరక్కపోతే లోపలి ప్యాడ్డే మొత్తం పని చేస్తుంది, పైగా బ్రేకు వదిలినా పూర్తిగా వదలదు, రాసుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఆ 750 రూపాయల ప్యాడ్డును ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. అది వేసినవాడు పిన్నులు తీసి తుడవలేదు, గ్రీజు పెట్టలేదు. నేను అడగలేదు. కానీ కుడి చక్రంలో పిన్నులు బాగానే ఉన్నాయి, అక్కడా ప్యాడ్డు ముఖం అలాగే అద్దంలా కాలి ఉంది, అది మాత్రం ప్యాడ్డు నాణ్యతే.

బ్రేకు ఆయిల్ తీస్తే డికాక్షన్ రంగు. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, వర్షాకాలం మన కొండల్లో చెప్పేదేముంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. నాది మరిగింది, గొట్టాల్లో బుడగలు వచ్చాయి, బుడగను నొక్కితే నలుగుతుంది గానీ ఆ ఒత్తిడి చక్రం దాకా పోదు, అందుకే పెడల్ నేలకు దిగింది. మొదట గట్టిపడి పట్టకపోవడం ప్యాడ్డు వల్ల, తర్వాత మెత్తబడి దిగిపోవడం ఆయిల్ వల్ల. ఈ రెండింటికీ తేడా డ్రైవరుగా తెలిసి ఉండాలి. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే చల్లారనివ్వడానికి ఇంకా కొంచెం టైముంది, మెత్తబడితే ఆ క్షణమే గేరు, హ్యాండ్ బ్రేకు.

మేస్త్రి అడిగాడు, "ఎన్నాళ్ళయింది బాబూ వేసి?"

"తొమ్మిది వేల నాలుగొందలు తిరిగింది మేస్త్రిగారూ."

"తిరిగింది కాదు, ఎన్నిసార్లు దిగావు?"

పుస్తకం తీసి లెక్కపెట్టాను. 38 సార్లు.

"మరదే లెక్క" అన్నాడు, "మా లారీలోళ్ళు ప్యాడ్డుకైనా లైనరుకైనా దిగుడులే లెక్కేస్తారు." (లైనరంటే డ్రమ్ము బ్రేకులో ప్యాడ్డు పని చేసేది.)

ఆ మాట నాకు పట్టుకుంది. అప్పటి నుంచి నేనూ దిగుడులే లెక్క వేస్తున్నాను, మూడో సెట్టు కథ మొత్తం అదే.

మూడో సెట్టు కంపెనీవే, డీలరు కౌంటర్లో బిల్లు తీసుకుని కొన్నాను, 1,900. ప్లేట్ల మీద గోరు ఆగేంత గీతలు పడ్డాయి, కనీస మందం ఎంత ఉండాలో ప్లేటు మీదే అచ్చుపోసి ఉంటుంది, అంతకన్నా ఎక్కువే ఉంది కాబట్టి రెండూ లేత్ పట్టించాను (గీతలు పోయేలా చెక్కించాను), 900 అయింది. పిన్నులు కొత్తవి, రబ్బర్లు కొత్తవి, పిన్నులకు వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు (మామూలు చాసిస్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుందట, ఇది అడిగి మరీ చూసుకోండి). ఆయిల్ మొత్తం తీసి, బండి పుస్తకంలో ఏది రాసి ఉందో చూసి అది పోయించాను. వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంటు చేయించాను. వెనక లైనర్లు దూరంగా ఉంటే వెనక బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందు ప్యాడ్లే మొత్తం మోస్తాయి. వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి వెనక చక్రాలకు ఒత్తిడి పెంచే తగ్గించే వాల్వు ఒకటి ఉంటుంది, దాని కడ్డీ మట్టిలో బిగుసుకుపోయి ఉంటే లోడున్నా ఖాళీ బండే అనుకుని వెనక తక్కువ పట్టిస్తుంది. నాది బిగుసుకునే ఉంది. ఎన్నాళ్ళ నుంచో దేవుడికే తెలియాలి. ప్యాడ్లు త్వరగా అరుగుతున్నాయని అనేవాళ్ళలో సగం మంది చూసుకోవాల్సింది బండి వెనకే అని నాకు గట్టి నమ్మకం.

కొత్త ప్యాడ్లతో నేరుగా లోడు వేసుకుని ఘాటీ దిగలేదు. మొదటి 300 కిలోమీటర్లు ఖాళీగానూ సగం లోడుతోనూ పైనే తిప్పాను, సిమిలిగుడ, సునాబేడ, కోరాపుట్ మధ్య, గట్టిగా తొక్కకుండా. ప్యాడ్డు ముఖం ప్లేటుకు పూర్తిగా ఆనాలి, లోపలి జిగురు మెల్లగా వేడికి అలవాటు పడాలి. రెండు కిరాయిలు పోయాయి ఆ వారం. పోనీ అనుకున్నాను.

ఇప్పుడు నేను దిగే పద్ధతి చెబుతాను, ప్యాడ్ల ఆయుష్షులో సగం ఇక్కడే ఉంది. ఘాటీ ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, లోడుతో నాకది సెకండ్. వాలు మొదలవకముందే గేరు మార్చేస్తాను. ఇంజన్ బండిని పట్టుకుంటుంది, వంపు ముందు మాత్రమే బ్రేకు, ఒకసారి గట్టిగా పట్టి స్పీడు దించి పూర్తిగా వదిలేయడం. కాలు ఆనించి ఉంచను. ఆనించి ఉంచితే ప్యాడ్డుకూ ప్లేటుకూ మధ్య గాలి తగలదు, చల్లారదు. స్పీడు కూడా, 40లో ఆపడానికీ 60లో ఆపడానికీ ప్యాడ్డు మీద పడే పని ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. బరువు మాత్రం ఎంత పెంచితే అంతే పెరుగుతుంది, అయినా 1,700 దాటి వేయడం మానేశాను, రేటు ఎంతున్నా సరే.

న్యూట్రల్‌లో వదిలేసి దిగే తమ్ముళ్ళు మన లైనులో చాలామందే ఉన్నారు, డీజిల్ మిగులుతుందని. వాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇప్పటి బండ్లలో గేరులో ఉంచి యాక్సిలేటర్ వదిలేసి దిగితే ఇంజన్‌కి డీజిల్ ఇంజెక్షన్ దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లోనే ఇంజన్ తనంతట తాను తిరగడానికి డీజిల్ కావాలి. అంటే మిగులుతుందనుకున్నదే ఖర్చవుతోంది. ఇంజన్ ఆపేసి దిగేవాళ్ళ సంగతి ఇంకా భయం, బ్రేకు బూస్టర్ (పెడల్ తొక్కుడుకు బలం కలిపేది) లోంచి గాలి లాగి దాన్ని పని చేయించేది ఇంజనే, అది ఆగితే రెండు మూడు తొక్కుళ్ళకు బూస్టర్ సాయం అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ మీద నిలబడినా చాలదు. ఇంట్లో పిల్లలుంటారు, దయచేసి మానేయండి.

ఈ పద్ధతిలో ఇప్పటికి మూడో సెట్టు 26,000 కిలోమీటర్లు, 105 దిగుళ్ళు. పోయిన ఆదివారం కొలిపించాను, నాలుగు ప్యాడ్లూ అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి, లోపలా బయటా తేడా అర మిల్లీమీటరు లోపే. పదకొండులోంచి ఆరు పోయింది, దిగుడుకు 0.06 కన్నా కొంచెం తక్కువ. మొదటి సెట్టుకు ఇందుకు రెట్టింపు అరిగించానని గుర్తుంచుకోండి, అదీ కంపెనీ ప్యాడ్డే. మూడు మిల్లీమీటర్ల దాకా వాడితే ఇంకో 35 దిగుళ్ళు వస్తుంది, మొత్తం 140, కిలోమీటర్లలో 34,000 దాటుతుంది.

డబ్బు లెక్క అడిగేవాళ్ళకి: 750 ప్యాడ్లు, వాటి వల్ల ప్లేట్లకు లేత్ 900, కలిపి 38 దిగుళ్ళకు పంచితే దిగుడుకు 43 రూపాయలు. ఆ రోజు మార్కెట్‌కి ఆలస్యమై సగం ధరకు అమ్మిన క్యాబేజీ ఇందులో కలపలేదు. కంపెనీ ప్యాడ్లు 1,900, 140 దిగుళ్ళకు 14 రూపాయలు కూడా పడదు.

కంపెనీ ప్యాడ్ల మీద ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. వర్షంలో రాత్రంతా నిలబెట్టి పొద్దున తీస్తే మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమంటాయి, తర్వాత పోతుంది. చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు ఆ చవక వాటికన్నా మెత్తగా ఉంటుంది, అలవాటు కావడానికి వారం పట్టింది. పండగ రోజుల్లో కౌంటర్లో స్టాకు ఉండదు, రెండుసార్లు తిప్పించారు. కంపెనీ పెట్టెల్లో కూడా నకిలీవి వస్తున్నాయి కాబట్టి బిల్లు లేకుండా కొనొద్దు. పేరున్న బ్రేకు కంపెనీలవి బయట దొరుకుతాయి, అవీ బాగానే ఉంటాయని మా స్టాండులో ఇద్దరు చెబుతున్నారు, నేను వాడలేదు కాబట్టి వాటి గురించి రాయను. సిరామిక్ వేయమని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. అవి శబ్దం లేకుండా, పొడి లేకుండా ఉంటాయి, కార్లకు బాగుంటాయి. లోడు బండికి మాత్రం ఇనప పొడి కలిసిన సెమీ మెటాలిక్ రకమే వేడిని బాగా లాగి బయటికి పంపుతుందని మేస్త్రి మాట, నా అనుభవం కూడా అదే వైపు ఉంది.

ఇంట్లో చూసుకోడానికి కొలత పరికరం అక్కర్లేదు. రూపాయి బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి పెడితే దాదాపు మూడు మిల్లీమీటర్లు. చక్రం విప్పినప్పుడు ఇనప రేకును వదిలేసి ప్యాడ్డు మందం ఆ రెండు బిళ్ళలంత ఉంటే మార్చేయాల్సిందే. లోపలి ప్యాడ్డు కూడా చూడండి, బయటిది చూసి బాగుందనుకుని మోసపోయినవాడిని నేనే. కీచుమని సన్నటి శబ్దం బ్రేకు పట్టినప్పుడల్లా వస్తే అరుగుదల తెలిపే రేకు ప్లేటుకు తగులుతున్నట్టు, అది హెచ్చరిక. గరగర ఇనుము శబ్దమైతే హెచ్చరిక దాటిపోయింది.

ఇంకొకటి, ఇది చాలామంది పొరపాటు. బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే పోసేస్తారు. ప్యాడ్డు అరిగేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, కాబట్టి మట్టం తగ్గడం ప్యాడ్డు అరిగిందని చెప్పే మాట. ముందు ప్యాడ్లు చూడండి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి, ఆ తర్వాతే పోయాలో వద్దో. నిండా పోసేశాక కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్ వెనక్కి నొక్కితే ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది.

నేను ప్రతి ట్రిప్పూ సాలూరులో టీకి దిగినప్పుడు నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతాను. రిమ్ము మీద చెయ్యి పెట్టను, కాలుతుంది, నాలుగు వేళ్ళ దూరంలో పెడితే చాలు వేడి తెలుస్తుంది. ముందు రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి మరీ మండిపోతూ రెండోది వెచ్చగా ఉంటే ఎక్కడో పిన్నో, పిస్టనో పట్టుకుంది. వెనక రెండూ చల్లగా ఉంటే వెనక బ్రేకు పని చేయట్లేదు. అర నిమిషం పని.

ప్యాడ్లు ఊదే కంప్రెసర్ గాలితో శుభ్రం చేయనివ్వకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, షెడ్డులో పన్నెండేళ్ళ కుర్రాడు ముఖం దగ్గర పెట్టుకుని ఊదుతుంటే చూడలేకపోయాను. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

నా నుంచి మార్కులు కావాలంటే: కంపెనీ ప్యాడ్లకు అయిదుకు నాలుగున్నర, ఆ అర స్టాకు లేక తిప్పించినందుకు. 750వి ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. మా సాలూరు షెడ్డు మేస్త్రికి అయిదుకు అయిదు, పిన్నులు తీసి చూపించి, నా చేత లెక్క వేయించినందుకు.

మిగిలిన 35 దిగుళ్ళు వారానికి రెండు చొప్పున ఫిబ్రవరి చివరికి అవుతాయి. అప్పుడు స్టాకు లేదనిపించుకోకుండా తరవాతి సెట్టు నిన్ననే కొని సీటు వెనక పెట్టాను, పెట్టె మీద దిగుడు నంబరు 140 అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది.